తగ్గిందని చెప్పడానికి ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ రాయాలి?

‘మై ఫాదర్స్ ఫీవర్ ఈజ్ డ్విండ్లింగ్’ అని ఒకమ్మాయి సెలవు చీటీ రాసి తెచ్చింది. శ్రీకాకుళంలో బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు చదివే పిల్లలకు నేను ఇంగ్లీషు చెబుతాను. ఆ అమ్మాయి పొందూరు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది, పట్టుదల గల పిల్ల. వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు. మాటే అతకలేదు. “డ్విండిల్ అంటే క్రమంగా తగ్గడమే కదా మాస్టారూ, డిక్షనరీలో అలాగే ఉంది” అంది. నిజమే, ఉంది. టేపర్ పక్కనా అదే ఉంటుంది, వేన్ పక్కనా అదే. ఎబ్, సబ్‌సైడ్, అబేట్, రిసీడ్, డిమినిష్ ఏది తీసినా చివరికి తగ్గడం దగ్గరికే వస్తుంది. “మరి ఏది ఎక్కడ రాయాలో ఎలా తెలుస్తాది?” అని అడిగింది. ఆ పూట పది నిమిషాల్లో నేను చెప్పిన జవాబు ఆమెకూ చాల్లేదు, నాకూ చాల్లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను.

నా జవాబు తెలుగులోంచే మొదలవుతుంది. మనం మాత్రం అన్నిటికీ తగ్గిందనే అంటామా? వరద తీసింది అంటాం. వాన తెరిపిచ్చింది అంటాం. డబ్బాలో బియ్యం అడుగంటాయి, ఆశ సన్నగిల్లింది, కోపం చల్లారింది, మత్తు దిగింది. కోపం అడుగంటిందని ఎవరూ అనరు. ఆశ తెరిపిచ్చిందనీ అనరు. ఈ తేడాలు మనకు బడిలో నేర్పలేదు, చిన్నప్పటి నుంచి చెవిన పడి వచ్చేశాయి. కాబట్టి ఇంగ్లీషు మాట వెతుక్కునే ముందు, చెప్పదలచుకున్నది ‘తగ్గు’ అనే మాట వాడకుండా తెలుగులో ఒకసారి అనుకోండి. అడుగంటడం అని వచ్చిందంటే అక్కడున్నది ఒక నిల్వ. తీయడం అని వస్తే నీరో వాపో. చల్లారడం అని వస్తే లోపలి వేడి. ఏ ఇంగ్లీషు మాట వైపు వెళ్లాలో సగం అక్కడే తేలిపోతుంది.

టేపర్: సిరిమాను లాంటి మాట

విజయనగరం పైడితల్లమ్మ జాతర చూసినవాళ్లకు టేపర్ చెప్పడం సులువు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం జరిగే సిరిమానోత్సవాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. 50 అడుగులు దాటిన చింతమాను. మొదలు లావుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ సన్నబడుతూ పోయి, పూజారి కూర్చునే కొస దగ్గర ఇంత పల్చటి మాను ఆయన్ని ఎలా మోస్తోందా అనిపిస్తుంది. మధ్యలో ఎక్కడా ఠక్కున సన్నం కాదు. చూపు మొదలు నుంచి కొసదాకా ఆగకుండా జారిపోతుంది. ‘ద పోల్ టేపర్స్ టువర్డ్స్ ద టిప్’ అన్నప్పుడు ఇంగ్లీషువాడికి కనబడే బొమ్మ అదే. అసలు ఆ మాట మొదట్లో మైనపు వత్తికి పేరు. సన్నటి పొడుగాటి కొవ్వొత్తిని ఇప్పటికీ టేపర్ అంటారు.

ఈ బొమ్మలో రెండు సంగతులున్నాయి. తగ్గడం ఒక తీరుగా, కుదుపు లేకుండా సాగుతుంది. దానికి ముందర ఒక కొస కనబడుతూ ఉంటుంది. ఈ రెండూ ఉన్నచోటే టేపర్ రాయండి.

ఆసుపత్రి చీటీల్లో ఈ మాట మన జిల్లాల వాళ్లకు తరచుగా తగులుతుంది. స్టెరాయిడ్ మాత్రలు చాలా రోజులు వాడితే, ఒంట్లో కార్టిజాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మందగించుకుంటాయి. మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే ఒంటికి ఆ హార్మోను ఎటునుంచీ అందదు, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టరు మోతాదును కొన్ని రోజులకోసారి కొంత చొప్పున దించుకుంటూ వచ్చి, ఆ తర్వాతే ఆపిస్తారు. ‘టేపర్ ద డోస్’ అంటే అది. చీటీ మీద ‘టేపర్ అండ్ స్టాప్’ అని ఉంటే ‘తగ్గించి వాడండి’ అని చెప్పి వదిలేయడం సరిపోదు. ఏ రోజు నుంచి ఎంత వేసుకోవాలో అడిగి రాయించుకోవాలి. నర్సింగ్ చదివే పిల్లలు నా దగ్గరికి వస్తే ఈ ఒక్క మాట మీద అరగంట కూర్చోబెడతాను.

బ్యాంకు పరీక్షలవాళ్లకు ఇదే మాట ఇంకో దారిలో వస్తుంది. 2013లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ నెలకు 8,500 కోట్ల డాలర్ల బాండ్లు కొంటూ ఉండేది. ఆ వేగం తగ్గించవచ్చని మే నెలలో ఆ బ్యాంకుకు అప్పటి అధిపతి బెన్ బెర్నాంకీ అనేసరికి ప్రపంచమంతా మార్కెట్లు కుదేలయ్యాయి. ఆగస్టుకు మన రూపాయి డాలరుకు 68 దాటిపోయింది. దాన్నే టేపర్ టాంట్రమ్ అన్నారు. చాలామంది పిల్లలు ఫెడ్ అప్పుడు బాండ్లు అమ్మేసిందని రాస్తారు. అమ్మలేదు. కొనడం ఆపనూ లేదు. ఆ డిసెంబరులో నెలకు 7,500 కోట్ల డాలర్లకు దించుతున్నట్టు ప్రకటించింది, అంతే. కొనుగోలు సాగుతూనే సన్నబడటం టేపర్. ఆ తేడా పట్టుకుంటే ఆ ప్రశ్నకు మార్కు పోదు.

వానకు టేపర్ ఆఫ్ బాగా నప్పుతుంది. ‘ద రెయిన్ టేపర్డ్ ఆఫ్ బై ఈవెనింగ్’ అంటే జోరు వాన తుంపరై, తుంపర జల్లై, పొద్దు గుంకేసరికి పోయింది. ఒక్కసారిగా వెలిసిపోతే మాత్రం స్టాప్డ్ అనండి. కాసేపు తెరిపిచ్చి మళ్లీ పట్టుకునేదైతే లెట్ అప్.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నాకు తెలిసిన బట్టల కొట్టు ఆయన లోను కోసం ఇంగ్లీషులో ఉత్తరం రాసుకున్నాడు. సంక్రాంతి వెళ్లాక రెండు నెలలు బేరాలు మందంగా ఉంటాయని చెప్పాలని ఆయన ఉద్దేశం. ‘మై సేల్స్ ఆర్ టేపరింగ్ ఆఫ్’ అని రాశాడు. చదివేవాడికి ఈ కొట్టు మూతపడే దారిలో ఉందని అర్థమవుతుంది, ఎందుకంటే టేపర్ ఆఫ్‌లో కొస ఉంది. పంపేముందు నాకు చూపించాడు కాబట్టి ‘సేల్స్ డిప్ ఫర్ టూ మంత్స్ ఆఫ్టర్ సంక్రాంతి’ అని మార్చాం. పడి మళ్లీ లేచేదానికి డిప్.

డ్విండిల్: అడుగంటేవాటికి

డ్విండిల్‌కు లెక్కో, నిల్వో కావాలి. మనుషులు, పక్షులు, పొదుపు సొమ్ము, చెరువులో నీళ్లు, గాదెలో గింజలు. ఒక్కొక్కటే పోతూ, పోయింది మళ్లీ నిండకుండా, చివరికి కాసిని మిగలడం. అందులో కొంచెం దిగులు కూడా ఉంటుంది. మనం సంతోషించే తగ్గుదలకు ఈ మాట వాడరు. ‘మన ఊళ్లో మలేరియా కేసులు తగ్గాయి’ అని ఆనందంగా చెప్పడానికి డ్రాప్డ్, ఫెల్ చాలు.

పొందూరు ఖద్దరు దీనికి సరైన ఉదాహరణ. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకి, చేత్తో సన్నటి నూలు తీసే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ చేస్తున్నది ఎక్కువగా పెద్దవాళ్లు. కొత్తగా నేర్చుకునే పిల్లలు బాగా తక్కువ. ‘ద నంబర్ ఆఫ్ స్పిన్నర్స్ హాజ్ డ్విండిల్డ్’ అని రాస్తే ఆ వాక్యం నిండుగా నిలబడుతుంది. అక్కడ టేపర్ రాస్తే ఎవరో ప్లాన్ వేసి దించుతున్నట్టు ఉంటుంది. డిక్రీజ్ రాస్తే తప్పు కాదు, అయితే ఆఫీసు లెక్కలాగా పొడిగా ఉంటుంది. సెలవు చీటీ తెచ్చిన అమ్మాయికి ఈ ఉదాహరణే చెప్పాను. వాళ్ల అమ్మమ్మ నూలు వడికేదట. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎప్పుడూ తప్పుగా రాయలేదు.

తేలినీలాపురం పక్షులకు కూడా వాడొచ్చా అని ఒకరు అడిగారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలానికి వచ్చి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఒక ఏడాదిలో జరిగే ఆ రాకపోకలకు డ్విండిల్ బరువెక్కువ. ‘ద బర్డ్స్ థిన్ ఔట్ బై ఏప్రిల్’ అంటే హాయిగా ఉంటుంది. ఏడాదికేడాది వచ్చే పక్షులే తక్కువైపోతుంటే అప్పుడు డ్విండిల్.

ఇంకో మాట. డ్విండిల్ తనంతట తాను జరిగేది. ‘హీ డ్విండిల్డ్ హిజ్ సేవింగ్స్’ అని రాయకూడదు. సేవింగ్సే డ్విండిల్ కావాలి. తగ్గడం క్రమంగా అన్నది ఆ మాటలోనే ఉంది కాబట్టి పక్కన గ్రాడ్యువల్లీ చేర్చడం దండగ.

నీటి మాటలు

అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడ చూస్తాను, మన జిల్లాల్లో ఎక్కువ అవసరం పడేదీ ఇక్కడే. ఒడిశా కొండల్లో వాన పడితే వంశధారకు, నాగావళికి ఇక్కడ వరద. ప్రతి వానాకాలం సచివాలయాల్లో పనిచేసే మా పాత విద్యార్థులు రిపోర్టు రాస్తూ ఫోన్ చేస్తారు. ‘ఫ్లడ్ డిక్రీజ్డ్’ అని రాశాం సార్, బాగుందా అని.

వరదలో నాలుగు వేరువేరు సంగతులు తగ్గుతాయి. వంశధార మీది గొట్టా బ్యారేజీ దగ్గరికి వచ్చే నీరు క్యూసెక్కుల అంకె. అంకె తగ్గితే ‘ఇన్‌ఫ్లో ఈజ్ డిక్లైనింగ్’ లేదా ‘ఫాలింగ్’. ఊళ్లోకి, పొలాల్లోకి వచ్చిన నీరు వెనక్కి పోతే ‘ద వాటర్ ఈజ్ రిసీడింగ్’. వెనక్కి నడవడం అని ఆ మాట పుట్టుక. మనం వరద తీసింది అనేది దీన్నే. నీరు తీశాక గోడ మీద మట్టి గీత ఒకటి మిగులుతుంది చూడండి, ఆ గీతకు, ఇప్పుడున్న నీటికి మధ్య ఎడం పెరగడమే రిసీడ్. జుట్టు నుదుటి మీంచి వెనక్కి పోవడానికీ, చిగుళ్లు పంటి మీంచి దిగిపోవడానికీ అందుకే ఆ మాట వాడతారు. అంచు ఒకటి ఉండాలి, అది వెనక్కి జరగాలి.

మూడోది గాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అలాంటి గాలి నెమ్మదించిందంటే ‘ద విండ్ సబ్‌సైడెడ్’. పైకి లేచింది, పొంగింది, రేగింది మళ్లీ తన చోటికి దిగి కుదురుకోవడం సబ్‌సైడ్. వాపు, కోపం, గోల, జ్వరం అన్నీ ఇందులోకే వస్తాయి. ఆ అమ్మాయి నాన్న జ్వరానికి సరైన మాట ఇదే: ‘ద ఫీవర్ హాజ్ సబ్‌సైడెడ్’. మామూలు ఉత్తరమైతే ‘హిజ్ ఫీవర్ హాజ్ కమ్ డౌన్’ ఇంకా సహజం. నేల కుంగడానికీ ఈ మాటే. సబ్సిడీ అనే మాటకూ దీనికీ లాటిన్‌లో మూలం ఒకటే, అందుకే పిల్లలు పలకడంలో తడబడతారు. సబ్సిడీకి మొదటి అక్షరం మీద ఊనిక, సబ్‌సైడ్‌కు ‘సైడ్’ మీద.

నాలుగోది తుఫాను మొత్తం తీవ్రత. దానికి అబేట్. ఇది కొంచెం పెద్ద మాట, పత్రికల్లో, ఆఫీసు కాగితాల్లో కనబడుతుంది. ఇంట్లో ఎవరూ అనరు. నిజానికి దీనికంటే దీని వ్యతిరేకమే ఎక్కువ పనికొస్తుంది. ‘ద రెయిన్ కంటిన్యూడ్ అనబేటెడ్’ అంటే ఎడతెరిపి లేకుండా కురిసింది. ఆ ఒక్కటి నేర్చుకుని అబేట్‌ను వదిలేసినా రిపోర్టుకు లోటు రాదని నా అభిప్రాయం.

ఇక ఎబ్. కళింగపట్నం ఒడ్డున నిలబడితే పోటుపాట్లు కనబడతాయి. పోటు వచ్చినప్పుడు నీరు ఎక్కుతుంది, పాటు వేళ దిగుతుంది. ఆ దిగడమే ఎబ్. ఇది వరదకు రాయకండి. నీరు మళ్లీ వస్తుందన్న ఆశ ఎబ్‌లో దాగి ఉంటుంది. ఓపిక, ధైర్యం, ప్రాణశక్తి మెల్లగా జారిపోవడానికి రాస్తే చక్కగా ఉంటుంది. ‘హర్ స్ట్రెంగ్త్ వాజ్ ఎబ్బింగ్’ అనే వాక్యంలో ఉన్న మెత్తదనం డిక్రీజింగ్‌లో రాదు.

చంద్రుడి మాట

వేన్ చంద్రుడిది. పున్నమి వెళ్లాక కళలు తరిగిపోవడం వేన్, అమావాస్య వెళ్లాక పెరగడం వాక్స్. అధికారం, పలుకుబడి, ఉత్సాహం, ఆసక్తి లాంటివి ఒకప్పుడు నిండుగా వెలిగి తర్వాత మసకబారితే ఈ మాట వాడాలి. 1794లో పద్మనాభం యుద్ధంలో చినవిజయరామరాజు పడిపోయాక విజయనగరం సంస్థానం పలుకుబడికి ‘వేన్డ్’ రాయండి. 1948 చట్టంతో జమీందారీలు పోవడానికి మాత్రం వేన్ కాదు, ‘అబాలిష్డ్’. ఒకటి దానంతట అది మసకబారింది, ఇంకొకటి చట్టం తీసేసింది.

ఒక అక్షరం తేడా: తగ్గు, తగ్గించు

ఇది పరీక్షల్లో మార్కులు తినేసే తప్పు. ‘ద ప్రైస్ రెడ్యూస్డ్’ అని మనవాళ్లు దాదాపు అందరూ రాస్తారు. తెలుగులో తగ్గు వేరు, తగ్గించు వేరు. రెడ్యూస్ అంటే తగ్గించు. ఎవరో ఒకరు తగ్గించాలి. ‘ద షాప్‌కీపర్ రెడ్యూస్డ్ ద ప్రైస్’ సరైనది. ‘ద ప్రైస్ వాజ్ రెడ్యూస్డ్’ సరైనది. ధర దానంతట అది తగ్గితే ‘ఫెల్’, ‘డిక్రీజ్డ్’, ‘కేమ్ డౌన్’. డిక్రీజ్, డిమినిష్, నేరో, టేపర్ రెండు వైపులా పనిచేస్తాయి. డ్విండిల్, వేన్, ఎబ్, సబ్‌సైడ్, రిసీడ్ తగ్గు వైపే.

అంకె ఎలా చెప్పాలో కూడా ఇక్కడే చూసుకోండి. ‘20 శాతం తగ్గింది’ అంటే బై. ‘20 శాతానికి తగ్గింది’ అంటే టు. తెలుగులో ఒక్క విభక్తి, ఇంగ్లీషులో ఒక్క చిన్న మాట, లెక్క మాత్రం పూర్తిగా మారిపోతుంది. విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లకు గ్రాఫ్ చూసి కనీసం 150 మాటలు రాయమంటారు. అక్కడ ముచ్చటపడి వేన్, ఎబ్ రాయకండి. గ్రాఫ్‌లో గీతకు డిక్లైన్, ఫాల్, డిప్, డ్రాప్ చాలు. వేగం చెప్పాలంటే స్టెడిలీ, షార్ప్‌లీ చేర్చండి. చివరికి వచ్చేసరికి గీత ఏటవాలు తగ్గి చదునవుతుంటే లెవెల్డ్ ఆఫ్.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. వెడల్పు తగ్గితే నేరో: రోడ్డు నేరో అవుతుంది, ఇద్దరి మార్కుల మధ్య తేడా నేరో అవుతుంది, పది కాలేజీల్లోంచి మూడింటికి వచ్చామంటే నేరో డౌన్ చేసుకున్నాం. ఆకారమే చిన్నదైతే ష్రింక్, ఉతికిన నూలు చొక్కాలాగా. విలువ, ప్రాధాన్యం తగ్గితే డిమినిష్. మత్తు ఇంజెక్షన్ దిగితే వేర్ ఆఫ్. గొంతు మాట మధ్యలో జారిపోతే ట్రెయిల్ ఆఫ్. పీటర్ ఔట్ మాత్రం నాకు ప్రత్యేకంగా ఇష్టం. అది అమెరికా గని కూలీల నోట పుట్టిన మాట. తవ్వుకుంటూ పోతుంటే ఖనిజం పొర పలచబడి, పలచబడి, మట్టిలో కలిసిపోవడం. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల్లో పనిచేసిన కుటుంబాల పిల్లలకు ఆ బొమ్మ గీసి చూపించక్కర్లేదు. ఉద్యమమో, కాలిబాటో, మాటల జోరో అలా చివర్లో ఆనవాలు లేకుండా పోతే పీటర్ ఔట్ రాయొచ్చు.

అబేట్ గురించి ఇందాక వదిలేయమన్నాను. కోర్టు కాగితం చేతిలో ఉంటే మాత్రం వదలకండి. ఒకాయన భూమి తగాదా కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కేసు వేసింది వాళ్ల నాన్న, ఆయన ఈమధ్యే పోయాడు. కాగితంలో ‘ద సూట్ హాజ్ అబేటెడ్’ అని ఉంది. ఫోన్‌లో అర్థం చూస్తే తగ్గుట, శాంతించుట అని వచ్చిందట. “గొడవ కాస్త సద్దుమణిగినట్టే కదా మాస్టారూ” అన్నాడు. కోర్టులో ఆ మాటకు అర్థం అది కాదు. కేసు వేసినవాళ్లు చనిపోయాక 90 రోజుల్లోగా వారసుల పేర్లు చేర్చమని అర్జీ పెట్టకపోతే ఆ దావా పడిపోతుంది. పడిపోయిందని చెప్పడానికే అబేటెడ్ అని రాస్తారు. దాన్ని తిరిగి నిలబెట్టమని అడగడానికి ఆ తర్వాత 60 రోజుల గడువుంటుంది. వాళ్ల నాన్న పోయి ఎన్ని రోజులైందో వేళ్ల మీద లెక్కపెట్టించాను. ఆ గడువులో ఇంకా కొన్ని రోజులున్నాయి. టీ కూడా తాగనివ్వకుండా లాయరు దగ్గరికి పంపించాను.